లైను చివరి ఇంటి ఫ్యాన్

పాత సామాన్లకు మళ్లీ ప్రాణం పోయడం గొప్ప కళ అని ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. చెప్పేవాళ్లలో సగంమందికి స్క్రూడ్రైవర్ ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. ఆదివారం పూట బెంగళూరు నుంచి కార్లలో దిగుతారు. కదిరిలో పాత ఇనుప సామాన్ల కొట్ల ముందు నిలబడి, తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాన్ ఒకటి ఎత్తి పట్టుకుని ఫొటో దిగుతారు. ఇంటికి తీసుకుపోయి దాని పొట్ట కోసి, మోటారు పారేసి, అందులో బల్బు పెట్టి కాఫీ హోటలు గోడకు తగిలిస్తారు. గాలి ఇవ్వాల్సిన వస్తువు చేత వెలుతురు ఇప్పించడం కళ అయితే, ఎద్దును పితకడం కూడా కళే అయి ఉండాలి.

నేను ఆ రకం కాదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా రాగి తీగ చుట్టి, వేళ్లు కాయలు కాసి, కళ్లకు అద్దాలు పడి రిటైరైనదాన్ని. నాతోపాటు రిటైరైన మగవాళ్లు పొద్దున్నే రైల్వే స్టేషను దాకా నడిచిపోయి, బెంచీ మీద కూర్చుని ప్రభుత్వాలను పడగొట్టి ఇంటికొచ్చి ఉప్మా తినేవారు. నాకు అంత తీరిక లేదు. పాత కొట్లలో తూకానికి పడి ఉన్న ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, మొదటి కాలపు మిక్సీలు, అల్మరా అంత రేడియోలు ఏరుకొచ్చి, వరండాలో బల్ల వేసుకుని బాగుచేసుకునేదాన్ని. ఇనుప దిమ్మ, ఇత్తడి రెక్కలు ఉన్న ఫ్యాన్లంటే మరీ పిచ్చి. ఇప్పటి ప్లాస్టిక్ ఫ్యాన్ పక్కన గట్టిగా తుమ్మితే పడిపోతుంది. మూడో ఎండాకాలం చూసిన ప్లాస్టిక్ ఫ్యాన్‌ను నేనింకా చూడవలసే ఉంది.

ఈ సరదాలోకి కొత్తగా దిగిన పిల్లలు నన్ను చిట్కాలు అడుగుతుంటారు. ఏ రంగు వేయాలి, ఇత్తడి ఎలా మెరిపించాలి, ఇవే. ఒక్కరైనా ఆ వస్తువు ఎవరిది, ఏం పని చేసేది అని అడగలేదు. అడగనందుకు వాళ్లను తిట్టే అర్హత నాకు లేదని తెలిసింది కాబట్టే ఇది రాస్తున్నాను. నేను బాగుచేసిన వాటి గురించి ఇప్పటికే ఊరంతా చెప్పుకున్నాను. ఇది నేను పాడుచేసిన ఫ్యాన్ సంగతి. దానికి ముందు మా షెడ్డులో ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి.

మా నాయన లైన్‌మన్. పనిలో ఉండగా స్తంభం మీదే ప్రాణం పోయింది. ఆయన బదులు నాకు షెడ్డులో ఉద్యోగం ఇచ్చారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ఫస్టు క్లాసులో ప్యాసైన ఆడపిల్లనని నాకు కొంచెం కాదు, చాలా గర్వం. మొదటిరోజు ఫోర్‌మన్ నా సర్టిఫికెట్లు పక్కకు నెట్టి రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఏ ఊరు మీది?"

చెప్పాను.

"ఎవురి ఇల్లు?"

ఊరి బయట చర్చి వెనకాల ఇల్లు అని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా కుళాయి దగ్గరికి తీసుకుపోయి, విడిగా బోర్లించి ఉన్న గ్లాసు చూపించాడు. నీళ్లు దాంతోనే తాగాలట. ఇంకెవరూ పొరపాటున తాగకుండా దానికి ఎర్ర రంగు చుక్క కూడా పెట్టారు. మూడు ఫేజుల తీగల్లో ఏది ఏ రంగో చూసుకోక ఏడాదికోసారి ఏదో ఒకటి కాల్చే మనిషి, మనుషులకు మాత్రం రంగులు తప్పు లేకుండా వేసేవాడు. ఆ గ్లాసును నేను ఒక్కరోజూ ముట్టలేదు. ఆయన రిటైరయ్యేదాకా ఇంటి నుంచే సీసాతో నీళ్లు తెచ్చుకున్నాను.

రెండోవాడు తీగ చుట్టే బల్ల దగ్గర పెద్ద పనివాడు. చదువు ఐదో తరగతి. షెడ్డుకు రాకముందు లైన్ల మీద హెల్పరుగా ఊళ్లు తిరిగాడు. చెవి మీద ఎప్పుడూ సగం కాల్చిన బీడీ ఉండేది. భోజనాల వేళ పల్లెల నుంచి జనం సొంత ఫ్యాన్లు, మిక్సీలు సంచుల్లో వేసుకుని ఆయన కోసం వచ్చేవారు. ఆయన వాటి వైపు చూసేవాడే కాదు. ముందు మనిషి మొహం చూసి, "ఏ ఊరప్పా? ఎవురి ఇల్లు?" అనేవాడు. జవాబు విన్నాకే స్క్రూ విప్పేవాడు. ఒకే కంపెనీ, ఒకే సైజు ఫ్యాన్లు రెండు వస్తే ఒకదానికి ఒక లావు తీగ చుట్టేవాడు, రెండోదానికి ఇంకో లావు. ఇది నేను కళ్లారా చూశాను.

ఫోర్‌మన్ నోటి నుంచి ఆ రెండు ప్రశ్నలూ విన్నదాన్ని కదా, ఈయన నోటి నుంచి వింటే అర్థం వేరేగా తోస్తుందా? కులం కనుక్కుని, దాన్ని బట్టి పని మారుస్తున్నాడని తేల్చేసుకున్నాను. ఫోర్‌మన్ గ్లాసుతో ఊరుకున్నాడు, ఈయన ఏకంగా తీగ దాకా వచ్చాడని అసహ్యించుకున్నాను. పని నేర్పిస్తానని రెండుమూడుసార్లు తనంతట తానే వచ్చాడు.

"నాకు పుస్తకం ఉండాది లేన్నా," అన్నాను.

"పుస్తకానికి కరెంటు యాడ్నుంచి వస్తాది పాపా?" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండిపోయింది. ఆ తరువాత ఆయన రిటైరయ్యేదాకా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట, శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్నప్పుడు, ఒకామె మా ఇంటికి వచ్చింది. నల్లమాడ అవతల చిన్న పల్లె వాళ్లది. నలభై అయిదేళ్లు ఉంటాయి. పాత దుప్పట్లో చుట్టిన ఇనుప ఫ్యాన్‌ను చంకలో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. దుప్పటి విప్పగానే నా కళ్లు మెరిశాయి. ఇత్తడి రెక్కలు, ఇనుప దిమ్మ, దాని మీద వేగం తిప్పే పిడి. అలాంటిది కొట్లలో దొరక్క ఏళ్లయింది.

"అక్కా, తిరిగేటప్పుడు తల ఊగులాడి గడగడ కొట్టుకుంటాండాది. ఆ శబ్దం ఒగటి లేకుండా చెయ్యి, చాలు. లోపల ఏమీ ముట్టుకోవద్దు."

"ముట్టుకోకుండా ఎట్ల చేస్తారమ్మా? మంత్రమేసి చేస్తారా?"

"అట్ల కాదక్కా. మా ఆయన ఇరవై ఏండ్లు బండల పాలిషు పని చేసినాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరుండాది. పండుకుంటే ఊపిరాడదు. మొగానికి ఈ గాలి కొడ్తాంటేనే మధ్యాన్నం ఒగ గంట కన్ను మూస్తాడు. కొత్త ఫ్యాను తెచ్చినాం, మూల్గుతాది గానీ తిరగదు. చార్జింగుది తెచ్చినాం, అది అరగంటకే సచ్చిపోతాది. మాకుండేది ఇదొక్కటే."

రెండు రోజుల్లో ఇస్తానన్నాను. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఇంగొక మాట. మధ్యాన్నం పిడి మూడు మీద పెట్టల్ల. పొద్దు గూకినాక ఒకటి మీదికి తిప్పల్ల. మూడు మీదనే వదిలేస్తే కాలిపోతాదని మా మామ చెప్తాండె. చేసిచ్చినాయప్ప చెప్పినాడంట."

నేను పకపకా నవ్వాను. "పొద్దు గూకినట్ల ఫ్యానుకు ఎట్ల తెలుస్తాదమ్మా?"

ఆమె నవ్వలేదు. దుప్పటి మడత పెట్టుకుని బస్సుకు పోయింది.

ఆ మధ్యాహ్నానికే లోపల ఇరుసు తిరిగే గొట్టం, బుష్ అంటాం, అరిగిపోయి ఉంటే మార్చేశాను. ఊగడం పోయింది, శబ్దం పోయింది. ఆమె అడిగిన పని అయిపోయింది. బుద్ధి ఉన్న మనిషైతే అక్కడ చేతులు కడుక్కుని ఫోను చేసేది. నేను మూడు మీద పెట్టి తిప్పి చూశాను. ఫ్యాన్ విమానంలా అరిచింది. పావుగంటలో మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలి, వార్నిష్ వాసన కొట్టింది. ఏదో తప్పు ఉందని విప్పాను.

విప్పగానే తెలిసిపోయింది, అది ఎవరి చేతి పనో. చుట్టిన తీగ కొసలను దారంతో కట్టేటప్పుడు మేమందరం మామూలు ముడి వేసేవాళ్లం. ఆ పెద్ద పనివాడు మాత్రం గొర్రెల దొడ్డి తడికెకు వేసే ముడి వేసేవాడు. అదే ముడి. తీగ ఉండవలసినదాని కంటే లావు, చుట్లు ఉండవలసినదాని కంటే తక్కువ. నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. ఇన్నేళ్లకు దొరికాడు! పేదవాడి ఫ్యాన్ కదా, ఎవరు చూస్తారులే అని చేతికందిన తీగ చుట్టి పంపించాడు. కాలిపోతుందని తెలుసు కాబట్టే పొద్దు గూకాక తిప్పమని కథ ఒకటి అల్లి చెప్పాడు. ఇలా వరండాలో ఒక్కదాన్నే కూర్చుని తీర్పు ఇచ్చేశాను.

మా పనిలో పాత తీగ తీసేటప్పుడు చుట్లు లెక్కపెట్టి రాసుకోవడం మొదటి పాఠం. ఐటీఐలో మొదటివారమే చెబుతారు. తప్పుడు పనిని లెక్కపెట్టడం ఎందుకని ఉలి పెట్టి తీగంతా ఒక్క దెబ్బకు కోసిపారేశాను. ఆ రాగి పాత సామాన్లవాడి బండిలోకి పోయింది. పుస్తకంలో ఉన్నట్టు, దిమ్మ మీద రేకులో రాసిన 230 వోల్టులకు సరిగ్గా కొత్త తీగ చుట్టాను. చుట్టు పక్కన చుట్టు, జడ అల్లినట్టు కూర్చుంది.

అంతటితోనైనా ఆగానా? ఇంత మంచి ఫ్యాన్‌కు ఆ గీకుళ్లు ఏమిటని పాత రంగంతా గీకేసి, ఆకుపచ్చ రంగు మూడు పూతలు వేశాను. ఒక పూత ఆరితేగాని రెండోది వేయకూడదు. రెక్కలకు చింతపండు రుద్దాను. రెండు రోజులన్నది పన్నెండు రోజులైంది. మధ్యలో ఆమె మూడుసార్లు ఫోను చేసింది.

"అయిందాక్కా? ఆయన కూచొనే నిద్దరపోతాండాడు. మెడ పట్టుకుపోయుండాది."

"ఇంతకాలం ఓర్చుకున్యారు, ఇంగో నాలుగు రోజులు ఓర్చుకోలేరా? కొత్తదాని మాదిరి ఇస్తాండా మీకు," అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఇంకొకరు అని ఉంటే వాళ్ల గురించి ఏమి రాసేదాన్నో మీరే ఊహించుకోండి.

పాత వస్తువుల ప్రేమికుల వాట్సాప్ గుంపు ఒకటి ఉంది, అందులో నేను పెద్దమ్మను. తీసేసిన తీగ ఫొటో, కొత్త తీగ ఫొటో పక్కపక్కన పెట్టి, ఒక మొద్దు చేతి పని, దాని పక్కన నా పని చూడండి అని రాశాను. చప్పట్లే చప్పట్లు. ఆ ఆకుపచ్చ ఎక్కడ దొరికిందని పదిమంది అడిగారు.

ఆమె వచ్చి ఫ్యాన్ చూసి అడిగింది ఒకటే. "రంగెందుకక్కా?"

రసికత లేని మనిషి అనుకున్నాను. నా ఇంట్లో తిప్పి చూపించాను. మంచు మీద జారినట్టు తిరిగింది. మోటారు చల్లగా ఉంది. మధ్యాహ్నం, సాయంత్రం అని పిడి తిప్పే పని ఇక లేదని, ఎప్పుడూ మూడు మీదే ఉంచుకోవచ్చని అభయం ఇచ్చి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను.

"అక్కా, తిరగడం ల్యా."

"ప్లగ్గు సరిగ్గా పెట్టినారా?"

"పెట్టినాం. మూల్గుతాది. రెక్కను చేత్తో తోస్తే రెండు సుట్లు తిరిగి నిల్సిపోతాది."

"నా ఇంట్లో తిరిగింది. నీ కండ్ల ముందరే తిరిగింది. మీ ఇంట్లో తిరగకపోతే తప్పు నాదెట్ల అయితాది?"

ఆమె ఫోను తీసుకుపోయి మొగుడి దగ్గర పెట్టింది. అవతల మాట లేదు, ఊపిరి ఒక్కటే. లోపలికి లాగేటప్పుడు సన్నగా ఈల, బయటికి వదిలేటప్పుడు రాయి మీద రాయి గీసినట్టు ఒక చప్పుడు. అయిదారు ఊపిర్లు విన్నాను. అయిదోదానికి, ఆరోదానికి మధ్య ఎంతసేపు పట్టిందంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మరుసటి రోజు వోల్టులు చూసే మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. అప్పటికి కూడా వాళ్ల ఇంట్లో వైరింగు తప్పు పట్టుకుని, నాలుగు చీవాట్లు పెట్టి రావాలనే వెళ్లాను. ఆటో పల్లె దాటి ఇంకా పోయింది. ఇల్లు ఊళ్లో లేదు. లైను చివరి స్తంభం దగ్గర, చేన్ల అంచున రేకుల ఇల్లు. చుట్టూ బోర్ల మోటార్లు ఒకదాన్ని మించి ఒకటి మోగుతున్నాయి.

ఆయన మంచం మీద కూర్చుని, ఒళ్లో మడతపెట్టిన బొంత పెట్టుకుని దాని మీద నుదురు ఆనించి ఉన్నాడు. బనియను వెనక వీపు ఎముకలు లేచి పడుతున్నాయి. భార్య పక్కన నిలబడి చేటతో విసురుతోంది. ఎదురుగా స్టూలు మీద నా ఫ్యాన్. ఆకుపచ్చగా, పెళ్లిలో పెద్దరికం చేసే బంధువులా తళతళలాడుతూ, మూలుగుతూ, కదలకుండా ఉంది.

గోడ ప్లగ్గులో మీటరు తీగలు పెట్టాను. నూట నలభై ఎనిమిది. మీటరు చెడిపోయిందేమోనని తట్టి మళ్లీ పెట్టాను. నూట యాభై. మూలన ఒక స్టెబిలైజరు కూడా ఉంది. పెడితే టక్కుమని తనంతట తానే ఆగిపోయింది. అంత తక్కువ కరెంటును అది కరెంటుగానే లెక్కపెట్టదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాను.

"మోటార్లు ఆడేంతసేపూ ఇంతే. సాయంత్రం మోటార్లు నిల్సిపోతే బాగుంటాదక్కా, బల్బు తెల్లగా వస్తాది. అందుకే గదా ఒకటి మీదికి తిప్పమనేది."

ఆమె చేట విసురుతూనే చెప్పింది. నిష్ఠూరంగా కూడా చెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. రేకు మీద రాసిన 230 ఆ ఇంటికి మధ్యాహ్నం ఎన్నడూ రాలేదు. వచ్చే ఆ కొంచెం కరెంటుతోనే తిరగాలంటే తీగ లావుగా, చుట్లు తక్కువగా ఉండాలి. అలా చుట్టిన ఫ్యాన్‌కు పూర్తి కరెంటు తగిలితే కాలుతుంది. అందుకని సాయంత్రం ఒకటి మీదికి తిప్పితే దిమ్మలోని రెగ్యులేటరు కరెంటు తగ్గించి మోటారును కాపాడుతుంది. నేను కథ అనుకున్నది ఆ ఫ్యాన్ వాడుకునే పద్ధతి. ముప్పై ఏళ్లకు పైగా నేను జీతం తీసుకుంది ఈ కరెంటు దగ్గరే. దాని చివరి స్తంభం కింద ఏముంటుందో అంతవరకు చూడలేదు. టౌనులో వరండాలో కూర్చుని, టౌను కరెంటుతో పరీక్ష పెట్టి, పల్లె ఫ్యాన్‌ను ఫెయిలు చేశాను.

ఫ్యాన్ మళ్లీ దుప్పట్లో చుట్టుకున్నాను. ఆమె ఒక్క క్షణం దుప్పటి కొస వదల్లేదు.

"మల్ల పన్నెండు రోజులాక్కా?"

"మూడు రోజులు. నేనే తెస్తా," అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నమ్మడానికి నేనేం చేశాను కనుక?

లెక్క నాకూ వచ్చు. ఎన్ని వోల్టులకు ఎన్ని చుట్లో కాగితం మీద వేయగలను. కానీ మొదటిసారి కూడా లెక్కగానే చేశాను. చుట్లు మరీ తగ్గిస్తే సాయంత్రం కాలుతుంది, చాలినంత తగ్గించకపోతే మధ్యాహ్నం తిరగదు. సరైన చోటు ఎక్కడో తెలిసిన తీగను నేనే ఉలితో కోసి పారేశాను. ఇక మిగిలింది దాన్ని చుట్టిన మనిషే.

ఆయన ముదిగుబ్బలో కూతురింట్లో ఉంటున్నాడని తెలుసు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అరుగు మీద కూర్చుని విత్తనాలకు చెనక్కాయలు ఒలుస్తున్నాడు. కళ్లలో పొర కమ్మింది, వేళ్లతోనే మంచి గింజ, చెడ్డ గింజ వేరు చేస్తున్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు.

"పాపా, నువ్వా? యాడికీ రానిదానివి, ఈడికెట్ల వస్తివి?"

కూర్చోకుండానే చెప్పాను. నీ చేతి ఫ్యాన్ ఒకటి వచ్చింది, తీగ తప్పనుకుని కోసేశాను, చుట్లు లెక్కపెట్టలేదు, ఇప్పుడు అది తిరగడం లేదు అని. ఆయన ఒలవడం ఆపాడు.

"ఏ ఊరు?"

చెప్పాను.

"ఎవురి ఇల్లు?"

అంత తప్పు చేసి వచ్చినదాన్ని, అయినా నోరు ఊరుకుందా? "ఎవురి ఇల్లయితే ఏమన్నా నీకు? ఇప్పుడు గూడా అదేనా?" అన్నాను.

ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "ఎవురి ఇల్లో తెలీకపోతే ఏ స్తంభమో నాకెట్ల తెలుస్తాది? ఆ ఊర్లో ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఇల్లుంటే ఒగ మాదిరి సుట్టల్ల, తోకన ఉంటే ఇంగో మాదిరి సుట్టల్ల. లైన్ల మీద తిరిగినప్పుడు ఏ ఇంటికి ఎంతొస్తాదో అంతా సూసినా గదా."

ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"షెడ్డుకాడికి వచ్చినోళ్లను అడిగింది గూడా ఇందుకేనా?"

"ఇంగెందుకు అడుగుతా?" అన్నాడు. అంతలో ఆయనకే వెలిగింది. "ఓహో. అట్లనుకుంటివా? ముప్పై ఏండ్లూ అదే అనుకుంటాంటివా?"

"ఫోర్‌మన్ గూడా అవే రెండు మాటలే అడిగినాడన్నా. అడిగి గ్లాసు సూపించినాడు. నీవి వేరే అని నాకెట్ల తెలుస్తాది?"

"తెలీదులే," అన్నాడు. చేతిలో ఉన్న కాయను నొక్కకుండా అలాగే పట్టుకున్నాడు. "ఆ గ్లాసు నేనూ దినామూ సూస్తాంటి. ఒక్కనాడూ ఏమీ అనలేకపోతి. నీది తప్పు గాదు పాపా. ఫ్యాను ఇషయంలో మాత్రం నీదే తప్పు."

చివరి స్తంభం కింద రేకుల ఇల్లని చెప్పాను. "ఆ తోటింటోళ్లా!" అని తల పంకించి, నీ పుస్తకంలో ఎంతుందని అడిగాడు. చెప్పాను.

"దాంట్లో మూడొంతులకు రెండొంతులు సుట్టు. తీగ ఒగ నంబరు లావెయ్యి. అంతకంటే తగ్గిస్తే ఇనుము కాగిపోతాది. పట్టకపోతే చెక్క పుల్లతో అదుము, సుత్తి మాత్రం ముట్టొద్దు. ఆ మనిషి పండుకుంటాడా, కూచుంటాడా?"

"కూచునే ఉండాడు. పండుకోలేడు."

"అయితే ఈడ కూచోని మాట్లాడ్తావేమి? పో," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టి, నా అందమైన తీగను కోశాను. ఈసారి చుట్లు లెక్కపెట్టి రాసుకున్నాను, ఎందుకో మరి. లావు తీగ మోటారు ఇనుము గాడుల్లో పట్టక ఎగిరెగిరి పడింది. చెక్క పుల్లతో అదిమి అదిమి బొటనవేలు పగిలింది. జడలా రాలేదు, ఎండుగడ్డి మోపులా వచ్చింది. వార్నిష్ పోసి ఒక పగలంతా రేకు మీద ఎండబెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో తన పని తాను సరిగ్గా చేసింది మా అనంతపురం ఎండ ఒక్కటే. అది ఆరేలోగా వాట్సాప్ గుంపులో ఉన్నదున్నట్టు రాశాను. మొద్దు చేయి ఆయనది కాదు, నాది అని. జవాబుగా ఒకాయన, "పోనీలెండి మేడమ్, రంగు మాత్రం తీసేయకండి" అని రాశాడు. ఆ గుంపులోంచి ఆ రోజే బయటికి వచ్చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం, సరిగ్గా మోటార్లు ఆడే వేళ చూసుకుని వెళ్లాను. ఆయన మంచం మీద అదే బొంత మీద వంగి ఉన్నాడు. మూడు రోజుల్లో ఇంకా చిక్కిపోయాడు. ఆమె నన్ను చూసి లేవలేదు. చేట ఆపకుండా, స్టూలు ఉన్న వైపు చూపుతో చూపించింది.

మీటరు పెట్టాను. నూట నలభై తొమ్మిది. ఫ్యాన్ పెట్టి పిడి మూడు మీదికి తిప్పాను. మూలిగింది. రెక్కలు కదల్లేదు. అప్పుడు ఒక రెక్క, బద్ధకంగా, రానా వద్దా అన్నట్టు కదిలింది. ఇంకొకటి దాని వెంట వచ్చింది. చూస్తుండగానే నాలుగు రెక్కలూ ఒకటైపోయి, మంచం మీది దుప్పటి కొస లేచి ఆడింది. గాలి తగలగానే ఆయన తల ఎత్తాడు. కళ్లు తెరవకుండానే, దప్పికగా ఉన్నవాడు చెంబు అందుకున్నట్టు మొహం గాలికి ఇచ్చాడు.

ఆమె చేట కింద పెట్టింది. కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది.

నేను మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి లేదు. ఇక నోరు తెరిచాను. ముందున్న తీగే సరైనదని, అది చుట్టిన ఆయన ఎంత పనివాడో నాకు తెలియలేదని, నువ్వు చెప్పిందంతా నిజమని, నేను నవ్వానని, చుట్లు లెక్కపెట్టి ఉండవలసిందని, 230కి 150కి మధ్య ఉన్న సంగతి ఏమిటో ఒకటొకటిగా, చేతులు తిప్పుతూ చెబుతూ పోయాను. క్షమించమని అడగడం చేతకాని మనిషి ఎంతసేపు మాట్లాడుతుందో అంతసేపూ మాట్లాడాను. ఆమె నా వైపు చూడటం లేదు. మొగుడి వైపు చూస్తోంది. ఆయన మెల్లగా వెనక్కి ఒరిగి, గోడకు ఆనించిన దిండు మీద తల వాల్చాడు. ఈల ఇంకా ఉంది, కానీ ఊపిరికీ ఊపిరికీ మధ్య తొందర లేదు.

నేను ఇంకా తీగ లావు గురించి చెబుతున్నాను. ఆమె చెయ్యి చాచి నా మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది.

"గమ్మునుండక్కా. నిద్దరపోయినాడు."